మేం అంటే ఎవరు?

"తాళాలివ్వు," అన్నాడు ప్రొప్రయిటరు.

టీచరమ్మ ఇవ్వలేదు. కారు తాళాలు ఆమె కుడి గుప్పిట్లో ఉన్నాయి. ఎంత గట్టిగా బిగించిందంటే తాళంచెవి పళ్లు అరచేతిలో దిగబడుతున్నాయి. అయినా వదల్లేదు.

"నిన్నే. తాళాలివ్వు. బయట నలుగురూ ఎదురుచూస్తున్నారు."

ఇంటి ముందుగదే ఆ మొగుడూ పెళ్లాల డ్రైవింగ్ స్కూలు ఆఫీసు. కిటికీలోంచి చూస్తే ముంగిట్లో ఆపి ఉన్న కారూ, దాని పక్కన నిలబడ్డ నలుగురు ఆడవాళ్లూ కనిపిస్తున్నారు. నలుగురికీ ఈ పూటే లైసెన్సు టెస్టు. నలుగురూ టీచరమ్మ చేతికింద నేర్చుకున్నవాళ్లే. అందులో బ్యాంకులో పనిచేసే ఆవిడ గోళ్లు కొరుక్కుంటూ మాటిమాటికీ ఈ గదివైపు చూస్తోంది. టెస్టు భయమో, లోపలినుంచి వినిపిస్తున్న కేకల భయమో చెప్పడం కష్టం.

"వాళ్ల ముందు నా పరువు తియ్యకు. ఏదున్నా సాయంత్రం మాట్లాడుకుందాం."

"సాయంత్రంలోగా నేనొకళ్లకి జవాబు చెప్పాలి. గుర్తుందా?" అంది టీచరమ్మ.

గుర్తు లేకేం! కూడలి అవతల కొత్తగా డ్రైవింగ్ స్కూలు తెరుస్తున్న ఆవిడ పోయినవారం ఈ గదిలోకే వచ్చి, ఈ కుర్చీలోనే కూర్చుని అడిగి వెళ్లింది. మా స్కూలుకి హెడ్ టీచరుగా రండి, బోర్డు మీద మీ పేరు పెద్ద అక్షరాలతో రాయిస్తాను అని. అప్పుడు టీచరమ్మ నవ్వేసింది. మా స్కూలు వదిలి నేనెక్కడికి పోతానండీ అంది. అయినా ఆవిడ వదలకుండా, ఈ రోజు దాకా ఆలోచించుకోండి అని గడువు పెట్టి వెళ్లింది. నిన్నటి సభే జరగకపోతే టీచరమ్మ ఇవాళ కూడా అదే మాట చెప్పి ఊరుకునేది.

"అసలు నిన్న నేనేం తప్పు మాట్లాడానో చెప్పు," అన్నాడు ప్రొప్రయిటరు, నడుముకి కట్టుకున్న బెల్టు సర్దుకుంటూ.

"ఏం మాట్లాడలేదో చెప్పమంటారా?"

స్కూలు పెట్టి ఇరవయ్యేళ్లు నిండాయని నిన్న సాయంత్రం హాలు అద్దెకు తీసుకుని సభ చేశారు. ప్రొప్రయిటరు చేతికి మైకు వచ్చింది. ఆయన చేతికి మైకు వస్తే ఒక పట్టాన వదలడని అందరికీ తెలుసు. టైర్ల షాపాయనకి థాంక్స్ చెప్పాడు. పెట్రోలు బంకాయనకి చెప్పాడు. బోర్డు రాసిన ఆర్టిస్టుకి చెప్పాడు. కుర్చీలు వేసినవాళ్లకి చెప్పాడు. మైకు కుయ్యిమనకుండా పనిచేస్తోందని మైకతనికి కూడా చెప్పాడు. మేం అన్నదమ్ములం ఇద్దరం ఒక డొక్కు కారుతో మొదలుపెట్టాం అని గొంతు గద్గదం చేసుకున్నాడు. చివర్లో నవ్వుతూ, "ఇక మా ఇంట్లోవాళ్లకి థాంక్స్ చెప్పక్కర్లేదు, మనవాళ్లే కదా!" అన్నాడు.

హాలంతా ఘొల్లుమంది. చప్పట్లు కొట్టారు. రెండో వరసలో కూర్చున్న టీచరమ్మ కూడా నవ్వింది, చప్పట్లు కూడా కొట్టింది. ఇంటికొచ్చాక ఆమెను కాల్చుకు తిన్నది అదే. అందరితో పాటు తనూ ఎందుకు నవ్వింది? నవ్వడం అలవాటైపోయింది గనక నవ్వింది.

"మనవాళ్లకి థాంక్స్ చెప్తే పరాయివాళ్లని చేసినట్టు కాదూ?" అన్నాడు ప్రొప్రయిటరు. "మా నాన్న మా అమ్మకి ఏనాడైనా చెప్పాడా? చెప్పకపోతే మాత్రం తెలీదా ఏం?"

"డాక్టరుగారికి చెప్పారు కదండీ."

ప్రొప్రయిటరు చెయ్యి బెల్టు మీదికి వెళ్లింది.

"నా నడుం నొప్పిని కంటికి రెప్పలా చూసుకుంటున్న డాక్టరుగారికి ప్రత్యేకంగా థాంక్స్ అన్నారు. లేచి నిలబడమని చప్పట్లు కొట్టించారు. ఏ నడుం నొప్పండీ?"

"మెల్లగా," అన్నాడు ఆయన, గుమ్మంవైపు చూస్తూ.

ఏ నడుం నొప్పో తామిద్దరికే తెలుసని టీచరమ్మ నమ్మకం. స్కూలు కారులో పక్క సీటు కింద రెండో బ్రేకు ఒకటి ఉంటుంది. నేర్పేవాళ్లు అక్కడ కూర్చుని, నేర్చుకునేవాళ్లు తడబడినప్పుడు దాన్ని తొక్కాలి. స్కూలు పెట్టిన ఏడే ఒకతను నేర్చుకుంటూ కారు తీసుకెళ్లి గోడకి గుద్దేశాడు. అతని చెయ్యి విరిగింది. పక్క సీట్లో కూర్చున్న ప్రొప్రయిటరు బ్రేకు తొక్కలేకపోయాడు. ఆ రోజు నుంచీ ఆ సీట్లో కూర్చుంటే ఆయన కాళ్లు వణుకుతాయి. ఒంటరిగా ఊరంతా నడుపుతాడు, గదిలో నల్లబల్ల మీద గీతలు గీసి పాఠం అద్భుతంగా చెబుతాడు, ఆ సీట్లో మాత్రం కూర్చోలేడు.

అప్పుడు టీచరమ్మ కూర్చుంది. ఊళ్లో అడిగినవాళ్లందరికీ ఆయనకి నడుం నొప్పండీ, డాక్టరు ఆ సీట్లో కూర్చోవద్దన్నాడు అని చెప్పింది. ఆ అబద్ధం ఆమె కల్పించిందే. తన మొగుణ్ని నలుగురూ పిరికివాడనకూడదని కల్పించింది. తర్వాత డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, నొప్పి అని చెప్పించి, బెల్టు కొనిపించింది కూడా ఆమే. ఆమె పుట్టించిన నొప్పికి డాక్టరు సభలో చప్పట్లు కొట్టించుకుని వెళ్లాడు.

ఇంతలో మరిది వచ్చాడు. స్కూల్లో కార్ల రిపేర్లూ ఆఫీసు పనీ అతనివి. చేతులకి గ్రీజు, ముక్కు మీద కోపం.

"ఏంటి వదినా పొద్దున్నే ఈ రాద్ధాంతం? బయటికి వినిపిస్తోంది. సభలో ఒక్క మాట చెప్పకపోతే కొంపలు మునిగాయా? ఈ స్కూలు పెట్టడానికి మేం ఎంత కష్టపడ్డామో మీకేం తెలుసు?"

టీచరమ్మ అతనివైపు తిరిగింది.

"ఏమన్నావ్?"

"మేం ఎంత కష్టపడ్డామో..."

"మేం అంటే ఎవరు?"

మరిది తెల్లమొహం వేశాడు. "మేం అంటే... అన్నయ్యా, నేనూ."

"మరి నేనెవర్ని?"

"మీరు వదిన."

"ఎదురుగా నిలబడి ఉన్నాను. నాతోనే మాట్లాడుతున్నావు. మనం అనడానికి నీకు నోరు రాలేదు. మేం అన్నావు. మేం అని బయటివాళ్లతో అంటారు అబ్బాయ్. నేర్చుకోవడానికి వచ్చినవాళ్లతో అంటారు. నిన్న మైకులో మీ అన్నయ్య అన్నాడు. ఇవాళ నా మొహం మీద నువ్వంటున్నావు."

"అబ్బబ్బా, మాటవరసకి అన్నాను. మేం అన్నా మనం అన్నా ఒకటేగా!"

"ఒకటే అయితే మనం అనే అనుండేవాడివి. మొదటి కారు కొన్నప్పుడు నువ్వు ఇంకా స్కూలు పిల్లాడివి. కారు కడగమంటే దుప్పటి ముసుగేసుకుని పడుకునేవాడివి. నీ వంతు కూడా నేనే కడిగేదాన్ని. అదా నువ్వు పడ్డ కష్టం?"

"వదినా, హద్దు మీరుతున్నారు."

"ఇరవయ్యేళ్లు మీరకుండా ఉన్నాను. ఏం ఒరిగింది?"

"సరే! చాలు!" అని ప్రొప్రయిటరు ఒక్క అరుపు అరిచాడు. మొహం కందగడ్డలా అయింది. "థాంక్స్. చాలా? థాంక్స్, థాంక్స్, థాంక్స్! ఇంకా ఎన్ని కావాలో చెప్పు, ఇక్కడే ఇచ్చేస్తాను. ఇప్పుడు తాళాలు తీసుకుని బయల్దేరు, టెస్టు టైము దాటిపోతోంది."

కుక్కకి బిస్కెట్టు విసిరినట్టు విసిరాడు. బయట బ్యాంకావిడ గోళ్లు కొరకడం ఆపేసి, కారు అద్దంలో తన మొహం చూసుకుంటున్నట్టు నటించింది.

టీచరమ్మ గుప్పిట విప్పింది. అరచేతిలో తాళంచెవి అచ్చు ఎర్రగా పడింది. తాళాలు తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టింది.

"తీసుకెళ్లండి. ఈ స్కూలు మీదే కదా. పక్కన మీరే కూర్చోండి."

"అన్నయ్యకి నడుం నొప్పి కదా వదినా! తెలిసీ ఏంటిది?" అన్నాడు మరిది. "పోనీ నేను వెళ్దామా అంటే, పక్కన కూర్చోడానికి నాకు పర్మిట్ లేదాయె."

"ఏం ఫరవాలేదు. వెళ్తాను," అన్నాడు ప్రొప్రయిటరు.

ఆయన టీచరమ్మ మొహంలోకి చూశాడు. ఆమె ఒక్క మాట అంటుందేమో, ఇలా ఇవ్వండి నేనే వెళ్తాలెండి అంటుందేమో అని చూశాడు. ఎప్పుడూ అలాగే అనేది. ఈసారి ఆమె కిటికీవైపు తిరిగి నిలబడింది. కాసేపటికి కారు తలుపులు ధనధనా మూసుకున్న శబ్దం వినిపించింది. మరిది విసురుగా షెడ్డులోకి వెళ్లిపోయాడు.

టీచరమ్మ వంటింట్లోకి వచ్చింది. అత్తగారు ముక్కాలి పీట మీద కూర్చుని కూర తరుగుతోంది. ఆమెకి ఇంట్లో జరిగిన ప్రతి గొడవా వినిపిస్తుంది, ఏ గొడవలోనూ తల దూర్చదు. ఆ మౌనం చూస్తే టీచరమ్మకి ఒళ్లు మండిపోయింది.

"మీరైనా ఒక మాట చెప్పరేం అత్తయ్యా? నోట్లో బెల్లం గడ్డ ఏమన్నా ఉందా?"

"ఏం చెప్పమంటావు?"

"నిన్న మీ అబ్బాయి చేసింది తప్పని చెప్పండి."

"తప్పే," అంది అత్తగారు. కత్తి ఆగలేదు.

"మరి ఆ మాట ఆయనతో అనచ్చు కదా!"

"ఎందుకనాలి? నాకెవరు చెప్పారు గనక, నీకు చెప్పించడానికి?"

టీచరమ్మకి అర్థం కాలేదు. "మావయ్యగారి సంగతా?"

"ఆయన పోయారు, ఆయన ఊసొద్దు. నీ సంగతే అంటున్నాను." అత్తగారు కత్తి కింద పెట్టింది. "నువ్వు మొదటిసారి ఆ సీట్లో కూర్చున్ననాటికి నీ కూతురు ఇంకా పాలు మానలేదు. నేనప్పుడు ఆస్పత్రిలో నర్సుని. ఆ ఏడు నన్ను హెడ్ నర్సుని చేస్తామన్నారు. తెలుసా నీకు?"

"తెలుసు... విన్నాను."

"విన్నావు. పిల్ల ఎవరి దగ్గరుంటుందే అని నీ మొగుడు అడిగాడు. అత్తయ్య ఉన్నారుగా అన్నావు. నాతో అనలేదమ్మాయ్, వాడితో అన్నావు. నేను పక్కగదిలో యూనిఫారం ఇస్త్రీ చేసుకుంటున్నాను. ఆ మాట విని ఇస్త్రీ పెట్టె ఆపేశాను. మర్నాడు వెళ్లి పని మానేస్తున్నానని చెప్పొచ్చాను. నన్నెవరూ అడగలేదు. నేనూ కాదనలేదు. అందరూ ఏమనుకున్నారు? పెద్దావిడ, హాయిగా విశ్రాంతి తీసుకుంటోంది అనుకున్నారు. నీ కూతురికి పళ్లొచ్చేటప్పుడు రోజుకి ఎన్నిసార్లు బట్టలుతికానో, అదీ నా విశ్రాంతి!"

"అత్తయ్యా..."

"ఇన్నేళ్లలో నీ నోటినుంచి ఒక్క మాట విన్నానా? అడిగానా?"

"అయ్యో, అదేం మాట? మీకు థాంక్స్ చెప్పడమేంటి అత్తయ్యా, మీరు మన..."

టీచరమ్మ నాలుక కరుచుకుంది. మిగతా సగం మాట గొంతులోనే ఇరుక్కుపోయింది.

"ఆగిపోయావేం? పూర్తి చెయ్యి," అంది అత్తగారు. "మనవాళ్లే కదా అని. నా కొడుకు నీ దగ్గరే నేర్చుకున్నాడేమో!"

అత్తగారు అక్కడితో ఆగలేదు. ఎన్నాళ్లనుంచో లోపల కుక్కుకున్నదంతా మూత తీసినట్టు బయటికి వస్తోంది.

"నీకు నిన్నటినుంచీ కోపం. నాది నీ కూతురంత వయసున్న కోపం. అది కాలేజీకొచ్చింది, నా కోపమూ కాలేజీకొచ్చింది. ఇంకో సంగతి చెప్తాను విను. నేను నర్సుని. వాడికి నడుం నొప్పి లేదని మొదటిరోజే తెలుసు నాకు. నొప్పి ఉన్నవాడు అలా వంగి బూట్లు తొడుక్కోడు. నువ్వు వాడికోసం అబద్ధమాడుతున్నావనీ తెలుసు. నోరు మూసుకున్నాను. దానికీ ఎవరూ నాకేమీ చెప్పక్కర్లేదు, మనవాళ్లమే కదా!"

టీచరమ్మ ఏదో అనాలనుకుంది. అనాల్సింది ఏమిటో కూడా తెలుసు. కానీ నోరు తెరిస్తే వచ్చింది మళ్లీ కోపమే.

"ఇన్నాళ్లూ మనసులో పెట్టుకుని ఇవాళే చెప్పాలా మీరు? నేను మాట్లాడాల్సిన రోజే నా నోరు మూయించాలా?"

"నీ నోరు నేను మూయించలేదు. నువ్వు తిట్టు వాణ్ని. నాలుగు దులుపు. నేను అడ్డం రాను. కానీ తిట్టేటప్పుడు నా మొహం కూడా గుర్తుంచుకో," అని అత్తగారు మళ్లీ కత్తి అందుకుంది.

టీచరమ్మ పెరటి గుమ్మంలోకి వెళ్లి కూర్చుంది. తప్పు తనదీ ఉందని తెలిశాక మనిషి కోపం చల్లారాలి. ఆమెది చల్లారలేదు సరికదా, రెండింతలైంది. మొగుడి మీద ఉన్న కోపం ఉన్నచోటే ఉంది, దాని పక్కన తన మీద కోపం వచ్చి కూర్చుంది. తనకు ఒకరు చెప్పనందుకు రాత్రంతా నిద్ర పోలేదే, తను చెప్పాల్సిన మనిషి పక్కగదిలోనే ఇన్నేళ్లు ఎలా నిద్రపోయింది?

ఎండ నడినెత్తికి వచ్చేసరికి గేటు చప్పుడైంది. కారు రాలేదు. నలుగురు ఆడవాళ్లూ నడిచి వచ్చారు. చెమటలతో, దుమ్ముతో, మండిపోతున్న మొహాలతో వచ్చారు.

"ఏమైంది? టెస్టు?" అని టీచరమ్మ ముంగిట్లోకి పరుగెత్తింది.

"టెస్టా! టెస్టు దాకా వెళ్తే కదా మేడమ్!" అంది బ్యాంకావిడ. "నేను నడుపుతున్నాను. సార్ పక్కన కూర్చున్నారు. కాసేపటికి చూస్తే ఆయన రెండు చేతులతో సీటు పట్టుకుని బిగుసుకుపోయి ఉన్నారు. ఎదురుగా ఒక వ్యాను రాగానే ఆపండి ఆపండి అని అరిచారు. దిగి ఫుట్‌పాత్ మీద కూర్చుండిపోయారు. ఎంత బతిమాలినా లేవలేదు. టైము దాటిపోయింది. బస్సు కూడా లేదు, అక్కణ్నించి నడిచొచ్చాం. నేను దీనికోసం సెలవు పెట్టుకున్నాను మేడమ్. మీరొస్తానన్నారు. మీరొస్తారని నమ్మాను!"

"తప్పు నాదేనమ్మా," అంది టీచరమ్మ. అది వెంటనే వచ్చింది, ఎక్కడా ఇరుక్కోలేదు. "మా ఇంటి గొడవకి మీ టెస్టు పాడుచేశాను."

గొడవ విని మరిది షెడ్డులోంచి వచ్చాడు. అత్తగారు తడి చేతులతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అప్పుడే కారు కూడా వచ్చింది. ప్రొప్రయిటరు ఒక్కడే నడుపుకుంటూ వచ్చాడు. ఆపి, దిగి, అందరూ చూస్తున్నారని చూసి, చెయ్యి మెల్లగా నడుం మీద పెట్టుకున్నాడు.

"నడుం పట్టేసింది," అన్నాడు.

అని టీచరమ్మవైపు చూశాడు.

ఆ చూపు ఆమెకి బాగా తెలుసు. ఆ చూపు పడగానే, వద్దని డాక్టరు చెప్పాడు కదండీ, ఎందుకు కూర్చున్నారు అని ఆమె నోరు దానంతటదే అందుకునేది. అందరూ అయ్యో పాపం అనేవాళ్లు. ఇప్పుడూ అందరూ ఆమె నోటివైపే చూస్తున్నారు. ఆమె పెదవి కదల్లేదు.

"చూశారా వదినా, మీ పంతం ఎంత దాకా తెచ్చిందో!" అన్నాడు మరిది. "ఉండన్నయ్యా, డాక్టరుకి ఫోన్ చేస్తాను."

"డాక్టరెందుకు?" అంది టీచరమ్మ. "ఆయనకి నిన్న థాంక్స్ చెప్పారు కదా మీ అన్నయ్య. ఎందుకు చెప్పారో ఇప్పుడు చెప్పమను."

ఆమె చేతిలో ఫోను మోగింది. కొత్త స్కూలావిడ. టీచరమ్మ దానివైపు చూసింది, ఎత్తలేదు. అది మోగి మోగి ఆగిపోయింది. ఎవరిదో ప్రొప్రయిటరుకి అర్థమైంది. చెయ్యి నడుం మీదనుంచి జారిపోయింది.

"లోపలికి రా," అన్నాడు గొంతు తగ్గించి. "లోపల మాట్లాడుకుందాం. నువ్వేం చెప్పమంటే అది చెప్తాను."

"టైర్ల షాపాయనకి మైకులో, నాకు లోపలా?"

ఆయన చేతిలో తాళాలు అటూ ఇటూ తిప్పాడు.

"ఎలా చెప్పాలో తెలీదంటారా? నాకూ తెలీదు. ఇందాకే తెలిసింది." టీచరమ్మ గుమ్మంవైపు తిరిగింది. "అత్తయ్యా! మిమ్మల్ని హెడ్ నర్సుని చేస్తామన్న ఏడు మీరు పని మానేశారు. నా పిల్లకోసం మానేశారు. నేను మిమ్మల్ని అడగను కూడా లేదు. నేను ధైర్యంగా ఆ కారెక్కగలిగానంటే ఇంట్లో మీరు ఉండబట్టి. పిల్ల గురించి ఒక్క పూట కూడా నేను బెంగపడలేదు. ఇది ఇన్నేళ్లలో ఒక్కసారైనా చెప్పలేదు. నాది తప్పు. వీళ్లందరి ముందూ చెప్తున్నాను."

ఆ మాటలు ఆమె కోపంగానే చెప్పింది. మెత్తగా చెప్పడం ఆ క్షణంలో ఆమెకి చేతకాలేదు. కానీ ఒక్క ముక్క మింగకుండా చెప్పింది.

అత్తగారు వచ్చి కౌగిలించుకోలేదు, కళ్లు తుడుచుకోలేదు. తడి చేతులు అలాగే పట్టుకుని నిలబడింది.

"బాగా ఆలస్యంగా చెప్పావు," అంది. చేతులు కొంగుకి తుడుచుకుంటూ, "అయినా విన్నాను," అంది. తర్వాత కొడుకువైపు చూసింది. "ఏరా పెద్దాడా, విన్నావుగా. ఇక నువ్వు చెప్పు."

ప్రొప్రయిటరు నలుగురు ఆడవాళ్లవైపు చూశాడు. తమ్ముడివైపు చూశాడు. మైకు దొరికితే వదలని మనిషి చేతులు నడుం దగ్గరికి వెళ్లాయి. బెల్టు విప్పాడు, మళ్లీ పెట్టుకోబోయాడు, చివరికి తీసేసి కారు మీద పడేశాడు.

"నాకు నడుం నొప్పి లేదు," అన్నాడు. "ఎప్పుడూ లేదు. భయం. ఆ గోడ గుద్దిన రోజునుంచీ ఆ సీట్లో కూర్చుంటే నా కాళ్లు నా మాట వినవు."

ఇరవయ్యేళ్లలో ఆయన ఆ మాట టీచరమ్మతో కూడా పైకి అనలేదు.

"మరి డాక్టరు వద్దన్నాడనీ...?" మరిది అన్నవైపూ వదినవైపూ మార్చి మార్చి చూశాడు. అతని మొహంలో రంగులు మారాయి. "నాకు ఆ సంగతి చెప్పింది మీరే కదా వదినా! ప్రతి ఏడూ మందులంటూ, బెల్టంటూ... ఇరవయ్యేళ్లు నాతో, ఊరందరితో అబద్ధమాడింది మీరా? ఇంతా చేసి పైన థాంక్స్ కూడా చెప్పాలా మీకు?"

ముంగిట్లో అందరి చూపులూ ఆమె మీద పడ్డాయి. బ్యాంకావిడ చూపు కూడా. టీచరమ్మ వాళ్లెవరినీ చూడలేదు, మొగుణ్నే చూసింది. ఇప్పుడు చెబుతాడు. ఎందుకు చెప్పిందో ఆయనకీ అత్తగారికీ తప్ప ఎవరికీ తెలియదు.

"అవును," అన్నాడు ప్రొప్రయిటరు తల దించుకుని. "తనే చెప్పింది."

అక్కడితో ఆపేశాడు.

ఆమె ఇంకా ఎదురుచూసింది. ఆయన కారు బానెట్ మీద ఉన్న మరకని వేలితో గీకుతున్నాడు. అత్తగారు నోరు తెరిచి, పళ్ల బిగువున మళ్లీ మూసుకుంది. ఆ మాట కొడుకు నోట రావలసిందే గాని ఆమె చెప్పేది కాదు. మరిది, "అదీ సంగతి!" అని ఈసడింపుగా నవ్వాడు.

ఫోను మళ్లీ మోగింది. టీచరమ్మ ఎత్తి చెవికి ఆనించుకుని గేటువైపు నడిచింది.

"చెప్పండి... ఆఁ, ఆలోచించుకున్నానండీ."

"నా కోసం చెప్పిందిరా," అన్నాడు ప్రొప్రయిటరు ఆమె వెనకనుంచి. "నన్నెవరూ పిరికివాడనకూడదని చెప్పింది."

గొంతు చిన్నగా ఉంది, అయినా మాటలు స్పష్టంగానే ఉన్నాయి. టీచరమ్మ విన్నది. ఒక్క అడుగు ఆగింది. వెనక్కి మాత్రం తిరగలేదు.

"వస్తున్నానండీ," అని ఫోన్లో చెప్పింది. "రేపటినుంచే వస్తాను."